పందొమ్మిది మార్కులు తెచ్చుకున్న పిల్లవాడు 0.3 పెద్దదన్నాడు

ఈసారి ఉత్తరం బెంగళూరు కె.ఆర్.పురం నుంచి ఒక లెక్కల ఉపాధ్యాయిని రాశారు. పేరూ, బడి పేరూ బయటపెట్టవద్దని కోరారు కనుక అవి వదిలేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను. మదనపల్లె దగ్గర ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదేళ్ళు పనిచేసి, భర్త ఉద్యోగం వల్ల మూడేళ్ళ కిందట బెంగళూరు వచ్చారు. ఇప్పుడు ఒక సీబీఎస్ఈ బడిలో ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతున్నారు. ఏడో తరగతికి నాలుగు సెక్షన్లుంటే రెండు ఈమెవి, రెండు మరొక ఉపాధ్యాయినివి. ప్రతి శనివారం 25 మార్కుల వారపు పరీక్ష ఉంటుంది. నాలుగు సెక్షన్లకూ ఒకటే ప్రశ్నపత్రం. ఆరో తరగతితో కలుపుకొని వారానికి 160 పేపర్లు దిద్ది, బుధవారం లోగా మార్కులు తల్లిదండ్రులు చూసే యాప్‌లో ఎక్కించాలి. ఆ మధ్యాహ్నానికల్లా సెక్షన్ల సగటు మార్కులు స్టాఫ్ రూమ్ బోర్డు మీదకు వస్తాయి.

జూన్, జూలై నెలల్లో ఈమె సెక్షన్ల సగటు 13 దగ్గర, పక్క సెక్షన్ల సగటు 17 దగ్గర ఉండేది. కోఆర్డినేటర్ రెండుసార్లు పిలిచి మాట్లాడారు. అప్పుడు తోటి ఉపాధ్యాయిని మంచి మనసుతోనే ఒక ఉపాయం చెప్పారట. ప్రశ్నపత్రం సరిచూడటానికి శుక్రవారం ఉదయమే చేతికి వస్తుంది కదా, ఆ రోజు పీరియడ్‌లో అవే లెక్కలు అంకెలు మార్చి చేయించెయ్యండి, ఇక్కడ అందరూ చేసేదే అన్నారు. ఈమె మూడు వారాలు అలాగే చేశారు. సగటు 18 దాటింది. బుధవారం మీటింగులో అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదని రాశారు.

దానికి కారణం ఒక పిల్లవాడు. జూన్‌లో 25కు 6 తెచ్చుకునేవాడు, మూడో వారం దశాంశాల పరీక్షలో 19 తెచ్చుకున్నాడు. సోమవారం పేపర్లు తిరిగి ఇస్తూ, ఎందుకో అనుమానం వచ్చి, బోర్డు మీద 0.3, 0.75 అని రాసి ఏది పెద్దదని అడిగితే, ఆ పిల్లవాడు తడుముకోకుండా "0.3 మిస్" అన్నాడట. అతనితోపాటు మరో పదిమంది చేతులెత్తారట. అంతకుముందు ఒకసారి మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టి చూశారు; "మార్కులు వేయనప్పుడు పరీక్ష దేనికి మేడమ్?" అని ఒక తల్లి మెసేజ్ పెట్టడంతో మానేశారు. ఇంత బాధ దేనికి, మానేసి ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకో అని భర్త అంటున్నారు. తాను చేసింది తప్పేనా, కోఆర్డినేటర్‌కు చెప్పెయ్యాలా, శనివారం పరీక్షను ఆపే అధికారం తనకు లేనప్పుడు పరీక్షల వల్ల తన పాఠం బాగుపడే దారి ఏదైనా ఉందా, లేక ఉద్యోగం మానేయడమే నయమా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరంతో పాటు ఆ శనివారపు ప్రశ్నపత్రం ఫొటో కూడా పంపారు.

అమ్మా,

ఆ ఫొటో పంపి చాలా మంచి పని చేశారు. మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఆ ప్రశ్నపత్రం గురించే మాట్లాడాలి, ఎందుకంటే మీకు నిద్ర లేకుండా చేసిన విషయం సగం అందులోనే ఉంది.

నాలుగో ప్రశ్న చూడండి. "ఏది పెద్దది?" అని మూడు జతలు, మూడు మార్కులు ఇచ్చారు. మొదటి జత 0.6, 0.45. రెండోది 0.8, 0.125. మూడోది 0.5, 0.37. శుక్రవారం మీరు అంకెలు మార్చి చేయించినవి కూడా ఇదే అచ్చులో ఉండి ఉంటాయి. ఈ మూడింటిలోనూ బిందువు తర్వాత తక్కువ అంకెలున్న సంఖ్యే పెద్దది. "తక్కువ అంకెలున్నదే పెద్ద సంఖ్య" అన్న తప్పు సూత్రం మనసులో పెట్టుకున్న పిల్లవాడికి ఇక్కడ మూడుకు మూడు మార్కులూ వస్తాయి. సోమవారం మీరు బోర్డు మీద రాసిన జతలో మాత్రం ఎక్కువ అంకెలున్నది పెద్దది. అతను అదే సూత్రం వాడాడు, 0.3 అన్నాడు. కాబట్టి ఆ పిల్లవాడు శనివారం నేర్చుకొని ఆదివారం మరిచిపోయాడని అనుకోకండి. రెండు రోజులూ ఒకేలా ఆలోచించాడు. మారింది ప్రశ్న ఒక్కటే.

ఆ సూత్రం అతనికి ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? నా అనుభవంలో ఇలాంటివి చాలాసార్లు మన పాఠం నుంచే వస్తాయి. భిన్నాలు చెప్పేటప్పుడు హారం పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందని చెబుతాం. మూడో వంతు కన్నా డెబ్బై ఐదో వంతు చిన్నదని చూపిస్తాం. దాన్ని బుద్ధిగా గుర్తుపెట్టుకున్న పిల్లవాడు 0.3ను మూడో వంతులాగా, 0.75ను డెబ్బై ఐదో వంతులాగా చూడటం మొదలుపెడతాడు. ఇంకొకడు, పదో వంతు నూరో వంతు కన్నా పెద్దది కాబట్టి పదో వంతుల దగ్గర ఆగిన సంఖ్య ఏదైనా నూరో వంతుల దాకా వెళ్ళిన సంఖ్య కన్నా పెద్దదే అనుకుంటాడు. ఇవి పాఠం వినని పిల్లలు చేసే తప్పులు కావు. విన్నదాన్ని వర్తించని చోట వర్తింపజేసిన పిల్లలు చేసే తప్పులు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కే స్టేసీ, విక్కీ స్టైన్‌లీ అనే పరిశోధకులు పిల్లలు దశాంశాలను పోల్చే తీరును ఏళ్ళ తరబడి పరిశీలించి, ఈ తప్పుల్లో చాలావరకు చెల్లాచెదురుగా ఉండవనీ, ఒక్కో పిల్లవాడు ఒక్కో సూత్రాన్ని పట్టుకొని పద్ధతి ప్రకారమే తప్పు చేస్తాడనీ చూపించారు. పొట్టిదే పెద్దదనుకునే వాళ్ళు కొందరైతే, పొడుగుదే పెద్దదనుకునే వాళ్ళు మరికొందరు. ఈ రెండోవాళ్ళు 45 కన్నా 6 చిన్నది కదా, అందుకే 0.6 చిన్నది అంటారు.

ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న తయారుచేద్దాం. 0.6, 0.45 ఒక జత, 0.3, 0.75 ఇంకో జత. పొట్టిదే పెద్దదనుకునే పిల్లవాడు మొదటిది ఒప్పు, రెండోది తప్పు చేస్తాడు. పొడుగుదే పెద్దదనుకునే పిల్లవాడు మొదటిది తప్పు, రెండోది ఒప్పు చేస్తాడు. ఇద్దరికీ రెండుకు ఒక్కో మార్కు వస్తుంది. యాప్‌లో ఇద్దరూ సమానం. కానీ ఒకరికి చెప్పవలసిన మాట రెండోవాడికి చెబితే వాడి తప్పు ఇంకా గట్టిపడుతుంది. మార్కు చూస్తే ఈ తేడా కనబడదు; ఏ జతలో తప్పు చేశాడో చూస్తే కనబడుతుంది. మీరు అడిగిన "పరీక్ష వల్ల పాఠం బాగుపడే దారి" ఇక్కడే మొదలవుతుంది. ప్రశ్న రాసే ముందు, ఈ పాఠంలో నా పిల్లలు ఏ ఏ విధాలుగా పొరబడగలరో రాసుకొని, ఒక్కో పొరపాటుకు ఒక్కో రకం తప్పు జవాబు వచ్చేలా ప్రశ్న కట్టాలి. బిట్ పేపర్ ఇచ్చినా అంతే, తప్పు ఆప్షన్లను నోటికొచ్చిన అంకెలతో నింపకూడదు.

నేను బడిలో చేరిన కొత్తల్లో నాలుగో తరగతి అమ్మాయి ఒకతె 403 లోంచి 158 తీసేస్తే 355 అని రాసేది. ఏడాదంతా ఆ పక్కన ఎర్ర సిరాతో "అజాగ్రత్త" అని రాశాను. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోందని, మూడులోంచి ఎనిమిది పోదని మొదటి తరగతిలో మేమే చెప్పాం కనుక తిరగేసి ఎనిమిదిలోంచి మూడు తీస్తోందని ఆ ఏడాది నాకు తట్టలేదు. ఆ అమ్మాయిలో అజాగ్రత్త లేనే లేదు. ఆ మాట రాసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఇక మీరు చేసింది తప్పేనా అన్న ప్రశ్న. తప్పేనమ్మా. పేపర్లోని లెక్కలు ముందురోజు చేయించడం వల్ల పిల్లలకు రాని మార్కులు వచ్చాయి, వాళ్ళ ఇళ్ళలో నిజం కాని వార్త చేరింది. అంతకన్నా మీకు జరిగిన నష్టం ఏమిటంటే, పిల్లల మనసులో ఏముందో చూసే వీలు వారానికి ఒక్కసారైనా ఉండేది, ఆ కళ్ళకు మీరే గంతలు కట్టుకున్నారు. సగటు 13 ఉన్నప్పుడు మీకు కనీసం వాళ్ళకు రాలేదని తెలిసేది. అయితే ఈ తప్పు మీ ఒక్కరి స్వభావం వల్ల జరిగిందని మాత్రం అనుకోకండి. డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే హెచ్చరించాడు, ఒక అంకెను బట్టి మనుషుల మంచిచెడ్డలు తేల్చడం మొదలుపెడితే ఆ అంకెను వంచే ఒత్తిడి పెరుగుతుందనీ, ఆ అంకె దేన్ని కొలవాలనుకుందో అదే చెడిపోతుందనీ. సగటును బోర్డు మీద రాసే స్టాఫ్ రూమ్‌లో మంచి ఉపాధ్యాయినులు కూడా శుక్రవారం పీరియడ్‌ను ఇలా వాడతారు. మీకు సలహా ఇచ్చిన ఆమె కూడా అందులో చిక్కుకున్నవారే.

ఇప్పుడు మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి. ఇలాగే కొనసాగించవచ్చు; సగటు బాగుంటుంది, పిలిచి అడిగేవాళ్ళు ఉండరు, కానీ ఎనిమిదో తరగతిలో బీజగణితం బరువయ్యేసరికి ఈ పిల్లలకు కింద ఆధారం ఉండదు, అప్పటి టీచరు మీ వైపు చూస్తారు. సీబీఎస్ఈ బోర్డు పరీక్షల్లో సామర్థ్య ఆధారిత ప్రశ్నల (నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భంలో వాడమని అడిగేవాటి) వాటా ఇటీవలి ఏళ్ళలో 50 శాతానికి చేరింది. అంకెలు మార్చిన లెక్కల అలవాటు అక్కడ అక్కరకు రాదు. లేదా వచ్చే శుక్రవారం నుంచే ఆపేసి మామూలుగా పాఠం చెప్పుకోవచ్చు. అది నిజాయితీ గల పని, కానీ అంతటితో ఆగితే సగటు పడిపోతుంది, పడిపోవడానికి కారణం చూపించే ఆధారం మీ చేతిలో ఏదీ ఉండదు, రెండు వారాల్లో మళ్ళీ పాత ఉపాయానికే వెళ్ళవలసి వస్తుందేమోనని నా భయం. నాకు మేలనిపించే మూడో దారి ఏమిటంటే, శనివారం పరీక్షను ఉన్నదున్నట్టు వదిలేసి, దానికి ముందు వారంలో మీ పరీక్ష మీరు పెట్టుకోవడం. దీనికి కాస్త ఓపిక కావాలి, పీరియడ్‌లో కొన్ని నిమిషాలు పోతాయి.

మదనపల్లెలో ఉన్నప్పుడు నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే పాఠం సాగుతుండగానే పిల్లలకు ఎంత వచ్చిందో చూసే పద్ధతిలో, భాగంగా స్లిప్ టెస్ట్ అనే చిన్న పరీక్ష పెట్టే ఉంటారు. అక్కడ దానికీ మార్కులుండేవి, రికార్డు రాయాలి కాబట్టి అదీ ఇంకో పరీక్షే అయిపోయింది. ఇప్పుడు పెట్టేదానికి మార్కులుండవు, రికార్డుండదు. మంగళవారం పీరియడ్‌లో చివరి ఏడెనిమిది నిమిషాలు తీసుకొని, పావు కాగితం ముక్క మీద రెండే రెండు ప్రశ్నలు రాయించండి. ఒకటి ఇందాకటి రెండు జతలు. రెండోది, "నీ జవాబు ఎందుకు సరైనదో ఒక్క వాక్యంలో చెప్పు." ఆ వాక్యం ఇంగ్లీషులోనే రాయాలని పట్టుబట్టకండి, తెలుగులో రాసినా, కన్నడలో రాసినా, బొమ్మ గీసినా పనికొస్తుంది. ఒక సెక్షన్‌కు 40 చిట్టీలు వస్తాయి. ఎర్ర పెన్ను ముట్టుకోకండి. స్టాఫ్ రూమ్ బల్ల మీద పేక ముక్కల్లా చదువుకుంటూ మూడు దొంతులు పెట్టండి: రెండు జతలూ ఒప్పు, పొట్టిదే పెద్దదన్న వాళ్ళు, పొడుగుదే పెద్దదన్న వాళ్ళు. దేనిలోనూ ఇమడనివి నాలుగైదు మిగులుతాయి, వాటిని పక్కన ఉంచండి. అలవాటైతే సెక్షన్‌కు ఏడు నిమిషాలు చాలు. ఏ దొంతిలో ఎంతమందో నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. ఈ నోటుబుక్కు తర్వాత మీకు చాలా అవసరపడుతుంది.

బుధవారం పాఠం ఆ దొంతులు చెప్పినట్టు మారాలి. ముప్పై మందికి వచ్చేస్తే, మీరు రాసుకొచ్చిన పునశ్చరణ మానేసి ముందుకు వెళ్ళండి. రాని పదిమందిని చివరి పది నిమిషాలు ముందు బెంచీల్లోకి పిలవండి. సగం మందికి రాకపోతే మళ్ళీ చెప్పాలి, అయితే అదే మాట ఇంకాస్త గట్టిగా చెబితే ప్రయోజనం లేదు, వేరే దారిలో చెప్పాలి. దశాంశాలకు రూపాయలు, పైసలు ఉదాహరణగా తీసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ అది ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే పిల్లలు 3.45ను మూడు రూపాయలు, నలభై ఐదు పైసలు అని రెండు వేరు వేరు సంఖ్యలుగా చదువుతారు. దానికి బదులు టైలరు వాడే టేపు తీసుకెళ్ళండి. ఒక మీటరు దగ్గర బట్టల క్లిప్పు పెట్టి, 0.3 మీటరు ఎక్కడో, 0.75 మీటరు ఎక్కడో పిల్లల చేతే వేలు పెట్టించండి. 0.3 అంటే 30 సెంటీమీటర్లు, 0.75 అంటే 75 సెంటీమీటర్లు. తర్వాత 0.6, 0.45 పట్టించండి. పొట్టి సూత్రం వాడూ, పొడుగు సూత్రం వాడూ ఒకే టేపు మీద తమ వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంటారు. చివరగా 0.125 అడగండి. పన్నెండున్నర సెంటీమీటర్ల దగ్గర వేలు పెట్టిన పిల్లవాడికి ఇక మీరు చెప్పవలసింది పెద్దగా ఉండదు.

పాఠం మధ్యలో "అందరికీ అర్థమైందా?" అని అడిగితే మీ క్లాసంతా ఒక్క గొంతుతో "యెస్ మిస్" అంటుంది. ఆ మాట వల్ల మీకు ఏమీ తెలియదు. దానికన్నా పలక నయం. పలకలు తేవడం కష్టమనుకుంటే తెల్ల కాగితాలకు లామినేషన్ చేయించి ఒక్కో మార్కర్ పెన్ను ఇవ్వండి. ప్రశ్న అడగండి, అందరూ రాయాలి, "చూపించండి" అన్నప్పుడు ఒకేసారి ఎత్తాలి. ముందు వరుసలో చెయ్యెత్తే నలుగురి జవాబు కాక నలభై మంది జవాబులు ఒక్క చూపులో కనబడతాయి.

మీ సెక్షన్ల గురించి ఇంకో అనుమానం ఉంది. మీ పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడతారని రాశారు. వాళ్ళకు పద సమస్యల్లో మార్కులు పోతుంటే, పోయేది లెక్కలోనా, ఇంగ్లీషులోనా అని విడదీసి చూడాలి. "సీత దగ్గర 12 గోళీలున్నాయి, అవి గీత దగ్గరున్న వాటికన్నా 5 తక్కువ, గీత దగ్గర ఎన్ని?" అన్న లెక్కను ఇంగ్లీషులో ఇవ్వండి. "తక్కువ" అన్న మాట కనబడగానే తీసివేసి 7 అని రాసినవాళ్ళను పక్కకు పిలిచి, అదే లెక్క నోటితో తెలుగులోనో కన్నడలోనో అడగండి. ఇప్పుడు 17 అంటే ఆ పిల్లవాడికి కావలసింది ఇంగ్లీషు వాక్యం చదవడంలో సాయం. మళ్ళీ 7 అంటే లెక్కే చెప్పాలి. రెండూ కలిపి "వర్డ్ ప్రాబ్లమ్స్‌లో వీక్" అని రాసేస్తే ఆ ఇద్దరికీ సాయం అందదు.

ఇంత పని ఎప్పుడు చేయాలని అడుగుతారని తెలుసు. పేపరుకు మూడు నిమిషాలు వేసుకున్నా 160 పేపర్లకు ఎనిమిది గంటలు, అంటే మీ ఆదివారం మొత్తం పోతోంది. ఇక్కడ మీ తోటి ఉపాధ్యాయిని సాయం అడగండి. సెక్షన్లు పంచుకోవడం మానేసి, ప్రశ్నలు పంచుకొని దిద్దమని చెప్పండి. ఏడో తరగతి పేపర్లన్నిటిలో మొదటి సగం ప్రశ్నలు మీరు, రెండో సగం ఆమె. ఒకే ప్రశ్నను వరుసగా 160 మందిది దిద్దితే చెయ్యి వేగంగా సాగుతుంది, మార్కులు ఒకే కొలతతో పడతాయి, ఏ తప్పు ఎన్నిసార్లు వచ్చిందో పక్కన గీతలు గీసుకుంటూ పోవచ్చు. దానితో పాటు మీ పిల్లలు, నా పిల్లలు అన్న పోటీ కొంత తగ్గుతుంది. ఆమె ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగడం మంచిది.

పేపర్లు తిరిగి ఇచ్చే పద్ధతిలోనూ ఒక చిన్న మార్పు చేయవచ్చు. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్‌లో బడి పిల్లలను మూడు రకాలుగా విభజించి, కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చి చూసింది. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్న పిల్లలు తర్వాతి పనిలో మెరుగుపడ్డారు. మార్కు కూడా జోడించిన చోట ఆ మేలు కనబడలేదు. మార్కు చూసుకున్నాక పిల్లలు వ్యాఖ్య మీద మనసు పెట్టరు. మీ బడిలో మార్కులు యాప్‌లోకి బుధవారం వెళ్ళాలి, పేపర్లు మీరు సోమవారమే ఇస్తున్నారు. మధ్యలో రెండు రోజులున్నాయి. సోమవారం మార్కు వేయకుండా, "ఇందులో మూడు తప్పులున్నాయి, ఎక్కడో వెతికి సరిచెయ్" అని రాసి ఇవ్వండి. మార్కు బుధవారం ఎలాగూ తెలుస్తుంది. ఏ నిబంధననూ మీరు అతిక్రమించినట్టు కాదు.

కోఆర్డినేటర్‌కు చెప్పాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవలసిన విషయం, ఎందుకంటే ఆ బడి వాతావరణం నాకు తెలియదు. రేపే వెళ్ళి జరిగిందంతా చెప్పేస్తే మీ మనసు తేలికపడుతుంది. కానీ సలహా ఇచ్చిన ఆమె పేరు అడిగితే ఏం చెబుతారు? చెబితే ఆమెకు ద్రోహం, చెప్పకపోతే తప్పంతా మీ ఒక్కరిదే అయి, పద్ధతి మాత్రం మారకుండా ఉండిపోతుంది. అసలు చెప్పకుండా ఆపేస్తే, సగటు పడిన రోజున మీరే సంజాయిషీ ఇచ్చుకోవాలి. నేనైతే ముందు ఆ తోటి ఉపాధ్యాయినితో ఏకాంతంగా మాట్లాడి, శుక్రవారం చేయించడం ఆపేస్తున్నానని చెబుతాను. మూడు నాలుగు వారాలు చిట్టీలు పెట్టి, నోటుబుక్కు నిండాక, సగటు ఎందుకు పడిందని పిలవకముందే నేనే కోఆర్డినేటర్ దగ్గరకు వెళతాను. "ఆ మూడు వారాలు నేను పేపర్లోని లెక్కలే ముందురోజు చేయించాను, అందుకే మార్కులు వచ్చాయి, ఇప్పుడు మానేశాను, పిల్లల అసలు పరిస్థితి ఇదీ, వారం వారం ఇలా మారుతోంది" అని నోటుబుక్కు తెరిచి చూపిస్తాను. చేసింది ఒప్పుకోవడమూ, చేస్తున్నది చూపించడమూ ఒకే సంభాషణలో జరగాలని నా ఉద్దేశం. అప్పుడే, ప్రశ్నపత్రం శుక్రవారం ఉదయం ఎవరి చేతికీ ఇవ్వవద్దనీ, బోర్డు మీద సగటుకు బదులు ఏ ప్రశ్న ఎంతమంది తప్పు చేశారో రాయించమనీ అడగవచ్చు. ఆయన అన్నీ ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఇంక్రిమెంటు మీద ప్రభావం ఉండొచ్చు, అది మీ ఇంటి లెక్కలో వేసుకొనే వెళ్ళండి.

ఆయన "ఇవన్నీ బోర్డులు ఒప్పుకోవు" అంటే చెప్పడానికి మీకు ఆధారాలున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, పిల్లల అవగాహననూ, దాన్ని అన్వయించే శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలంటుంది. ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా అది వర్తిస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా బట్టీ పరీక్షల నుంచి నేర్చుకోవడానికి తోడ్పడే మూల్యాంకనం వైపు వెళ్ళమనే చెప్పింది. సీబీఎస్ఈ 2009లో తెచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని 2017లో ఎత్తేసింది కదా అని ఆయన అనవచ్చు. నిజమే. కానీ దాంట్లో ఉపాధ్యాయుల సమయమంతా రికార్డులు నింపడానికే పోయింది. పిల్లవాడి జవాబు చూసి మర్నాటి పాఠం మార్చుకునే తీరిక మిగల్లేదు. లండన్ కింగ్స్ కాలేజీలో పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ 1998లో సుమారు 250 పరిశోధనలను పరిశీలించి, తరగతి గదిలో జరిగే ఇలాంటి మూల్యాంకనం పిల్లల చదువును గట్టిగా పెంచుతుందని తేల్చారు. అయితే జవాబులను బట్టి బోధన మారినప్పుడే అని వాళ్ళు స్పష్టంగా చెప్పారు.

మెసేజ్ పెట్టిన తల్లి అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఆమె పెరిగిన బడిలో పరీక్ష అంటే మార్కే. ఆమెకు ఆ పిల్లవాడి చిట్టీ ఫొటో పంపి, "ఇక్కడ ఇలా అనుకుంటున్నాడు, ఈ వారం టేపు మీద ఇలా చేయిస్తున్నాను, ఇంట్లో ఒకసారి అడిగి చూడండి" అని రెండు వాక్యాలు రాయండి. 25కు 11 అన్న అంకె కన్నా ఆమె చేయగలిగిన పని ఇందులో ఎక్కువ ఉంది. అందరికీ పంపలేరు, వారానికి నలుగురికి పంపండి.

ట్యూషన్ల సంగతి. మీ భర్త మీ మీద ప్రేమతోనే అన్నారు, ఆదాయం కూడా బాగానే ఉండవచ్చు. కానీ ట్యూషన్‌కు వచ్చే పిల్లల తల్లిదండ్రులు కూడా శనివారం మార్కు చూసే డబ్బు కడతారు, అక్కడ శుక్రవారం ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఆరోగ్యం, పిల్లల సంరక్షణ లాంటి వేరే కారణాలుంటే మానేయడంలో తప్పులేదు. ఈ ఒక్క కారణం మీద మాత్రం ఈ టర్ము పూర్తయ్యేదాకా నిర్ణయం వాయిదా వేయమని కోరుతాను. నాలుగు వారాల నోటుబుక్కు చూశాక మీకే వేరుగా అనిపించవచ్చు.

ఒక విషయం మీ ఉత్తరంలో లేదు. ఆ పిల్లవాడు 0.3 పెద్దదన్నప్పుడు, మీరు తప్పని చెప్పి 0.75 అని సరిచేశారని రాశారు. ఎందుకలా అనుకున్నావని అడిగారా? అడిగి ఉండరనుకుంటున్నాను, అప్పటికే మీ మనసు పాడైపోయి ఉంటుంది. సోమవారం భోజనం బెల్లు కొట్టాక అతన్ని ఒక్కడినే పిలవండి. మిగతా పిల్లలు లేకుండా, చేతిలో పేపరు లేకుండా, ఆ రెండు సంఖ్యలూ మళ్ళీ రాసి, ఏది పెద్దదో అడగకుండా, ఆ రోజు ఎలా ఆలోచించావో నాకు చెప్పు నాన్నా అని అడగండి. అతను చెప్పిన మాటలు, అతని భాషలోనే, ఆ నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. వీలైతే నాకూ రాసి పంపండి.